నూకరత్నం మాత్రలు

హిమజకి ఒకటే బాధ. తను తీసిన మందుల్ని అగ్నేసమ్మ మళ్ళీ చూస్తుంది.

అగ్నేసమ్మ మఠకన్య. సముద్రం ఒడ్డున మఠం వాళ్ళు నడిపే ఆ చిన్న ఆసుపత్రిలో మందుల గది మొదటి నుంచీ ఆవిడ చేతిలోనే ఉంది. తెల్లచీర, మెడలో చెక్క సిలువ. మాట తక్కువ. చదువు ముగించి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్ని ఆవిడ దగ్గరే పెట్టేవారు.

హిమజ ఫార్మసీ పరీక్షలో కాలేజీకే మొదట వచ్చిన పిల్ల. డాక్టర్ల రాత ఎంత గజిబిజిగా ఉన్నా ఇట్టే చదివేస్తుంది. చీటీ అందుకోగానే మాత్రలు తెచ్చి బల్ల మీద పెడుతుంది. అగ్నేసమ్మ కళ్ళజోడు సర్దుకుని చీటీ చదువుతుంది. మాత్రల అట్ట తిప్పి చదువుతుంది. మళ్ళీ చీటీ చూస్తుంది. అప్పుడు గానీ కిటికీలోంచి అందించనివ్వదు. బయట వరసలో వాళ్ళు గొణుక్కుంటుంటే హిమజకి తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మగారూ, నేను తీసినదాంట్లో ఎప్పుడైనా తప్పు దొరికిందా?"

"లేదు."

"మరెందుకు ప్రతిసారీ చూస్తారు?"

అగ్నేసమ్మ తరవాతి చీటీ కోసం చెయ్యి చాపింది.

ఆ వారంలోనే ఒక ఉదయం వార్డులో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని కబురొచ్చింది. కావలసిన ఇంజెక్షన్లు తీసుకుని అగ్నేసమ్మ వెళ్ళింది. వెళ్తూ, "నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు," అంది.

జనం పెరిగారు. చంటిపిల్లలు ఏడుస్తున్నారు. "ఏటమ్మా, మమ్మల్ని ఇక్కడే ఎండబెట్టెత్తావా?" అని ఎవరో అరిచారు. హిమజ కాసేపు చూసింది. తరవాత కిటికీ తెరిచింది.

చీటీలు చకచకా కదిలాయి. అగ్నేసమ్మ తిరిగొచ్చేసరికి వరస ఖాళీ అయిపోయింది. ఒక్క గొణుగుడు లేదు. హిమజ ముఖం వెలిగిపోతోంది.

అగ్నేసమ్మ అలమరా వైపు నడిచి, ఒక అర ముందు ఆగిపోయింది.

"ఈ డబ్బా ఎవరు విప్పారు?"

అది రక్తాన్ని పలచబరిచే మాత్రల డబ్బా. గుండెలో కవాటం మార్చినవాళ్ళకి ఇచ్చేది. ఆ మందులోనే తక్కువ మోతాదువి ఒక డబ్బా, దానికి అయిదింతలవి ఒక డబ్బా, పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ ఒకటే రంగు. అంకె ఒక్కటే తేడా. విప్పి ఉన్నది పెద్ద మోతాదుది.

హిమజ డబ్బా మీది అంకె చూసింది. "నూకరత్నం... చేపలమ్మే ఆవిడ..."

"ఆమెకి చిన్నవి. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు."

అగ్నేసమ్మ ఫోను చేసింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. గది తాళం నర్సు చేతిలో పెట్టి, జీపు బయటికి తీయించింది.

"నువ్వూ రా."

నూకరత్నం ఊరు సముద్రం పక్కన, సరుగుడు తోటలు దాటాక. దారంతా హిమజ గడియారం చూస్తూనే ఉంది. అన్నాల వేళ దాటిపోతోంది. ఆ మాత్రలు ఒకటి రెండు రోజులైతే కనిపెట్టుకుని కాపాడొచ్చు. నెలంతా వేసుకుంటే? మళ్ళీ ఆసుపత్రికి వచ్చేది నెల తరవాతే. ఈలోగా చిన్న గీత పడ్డా రక్తం ఆగదు. దెబ్బేదీ తగలకపోయినా లోపల్లోపలే కారుతుంది. అవన్నీ పుస్తకంలో చదివినవే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే.

"అమ్మగారూ, ఏదైనా అయితే?"

అగ్నేసమ్మ దారి వైపే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. జపం చేసుకుంటోందో, ఆ మోతాదు లెక్క వేసుకుంటోందో హిమజకి తెలియలేదు.

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ముసలమ్మ ఒడ్డు వైపు చూపించింది. ఇసకలో జీపు కదలలేదు. అగ్నేసమ్మ చెప్పులు అక్కడే వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచింది. ఆవిడకీ గుండె ఆపరేషనైంది. మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి. హిమజ ఆమెని దాటి పరుగెత్తింది.

తాటాకు పాక నీడలో నూకరత్నం కత్తిపీట మీద కూర్చుని వంజరం కోస్తోంది. పక్కనే తిన్న గిన్నె, మంచినీళ్ళ చెంబు, ఆసుపత్రి మందుల కవరు. కవరు విప్పి ఉంది.

హిమజ కత్తి మీద కదులుతున్న ఆ వేళ్ళనే చూస్తూ నిలబడిపోయింది.

అగ్నేసమ్మ రొప్పుతూ వచ్చింది. "రత్నం, కత్తిపీట మీంచి లే తల్లీ. మెల్లిగా."

"ఏటమ్మగోరూ, ఇలగొచ్చీసినారు?"

"మాత్రలు వేసుకున్నావా?"

"ఇప్పుడే గదా, రొండూ ఏసీసుకున్నాను." నూకరత్నం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "నానేటి తప్పు సేసినాను?"

"నువ్వేం చెయ్యలేదు. మేం చేశాం. తప్పు మందిచ్చాం. వేసుకున్నది ఒక్కపూటే. అయినా నిన్ను మా దగ్గర ఉంచుకుని చూసుకుంటాం. పద."

'మేం' అన్న ఆ మాట దగ్గర హిమజ తల వంచుకుంది.

నూకరత్నాన్ని ఆసుపత్రిలో ఉంచి రోజూ రక్తం పరీక్ష చేశారు. డాక్టరు హిమజని అందరి ముందూ తిట్టాడు. హిమజ నూకరత్నం మంచం పక్కనుంచి కదల్లేదు. చిగుళ్ళు చూసేది, కళ్ళు చూసేది, ఒంటి మీద ఎక్కడైనా కమిలిందేమోనని చూసేది. "నన్నేటి సంతలో సేపని సూసినట్టు సూత్తావు పిల్లా?" అని నూకరత్నం నవ్వితే, హిమజకి ఏడుపొచ్చేది.

గండం గడిచింది. రక్తం మామూలు స్థితికి వచ్చింది. సరైన మాత్రలతో నూకరత్నం ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న హిమజ మందుల గదికి సంచీతో వచ్చింది.

"నేను వెళ్ళిపోతానమ్మగారూ. ఈ పని నావల్ల కాదు. చీటీ ముట్టుకోవాలంటేనే భయమేస్తోంది."

అగ్నేసమ్మ బల్ల తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

"సరే, నీ ఇష్టం. వెళ్ళేముందు నా మాత్ర ఒకటి తీసివ్వు. పొద్దున్న వేసుకోలేదు."

అగ్నేసమ్మ వేసుకునేదీ ఆ రక్తం మందే. హిమజకి తెలుసు. మోతాదూ తెలుసు. అలమరా దగ్గరికి వెళ్ళింది. ఆ రెండు డబ్బాలూ అక్కడే పక్కపక్కన ఉన్నాయి. అట్టతో సహా ఒక మాత్ర కత్తిరించి తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టింది.

అగ్నేసమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అట్ట వైపు చూడనేలేదు. మాత్ర విప్పి, ఖాళీ అట్టముక్క బల్ల మీద పడేసి, నీళ్ళ గ్లాసు అందుకుని, చెయ్యి నోటి దాకా ఎత్తింది.

"ఆగండి!"

హిమజ ఆవిడ మణికట్టు పట్టేసుకుంది. గ్లాసులో నీళ్ళు ఒలికి ఇద్దరి మీదా పడ్డాయి. ఒక చేత్తో అలాగే పట్టుకుని, రెండో చేత్తో అట్టముక్క తీసి వెలుతురుకి పెట్టింది. పేరు చదివింది. అంకె చదివింది. పెదవులు కదుపుతూ ఇంకోసారి చదివింది.

"సరైనదే," అంది. చెయ్యి వదిలింది.

అగ్నేసమ్మ మాత్ర వేసుకుని, మిగిలిన నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి తన మణికట్టు చూసుకుంది. రక్తం పలచబడిన ఒళ్ళు. హిమజ వేళ్ళ అచ్చులు అప్పుడే ఎర్రగా కమిలి కనిపిస్తున్నాయి.

"అమ్మగారూ, నొప్పెట్టిందా?"

అగ్నేసమ్మ ఆ అచ్చుల మీద బొటనవేలితో మెల్లిగా రాసుకుంది.

"మందు కోసం చెయ్యి చాపినవాళ్ళు ఎవరినైనా ఇంత గట్టిగానే పట్టుకోవాలి," అంది.