పెద్దబజారు మీదుగా సైకిలు

ఎవరైనా ఏదైనా అడిగితే కోటిలింగం గారు జవాబు చెప్పేవారు కారు, లేచి చెప్పులు తొడుక్కునేవారు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకొని ఎక్కడికో నడిచి, ఏదో ఒకటి జరిగేదాకా అక్కడ నిలబెట్టేవారు. మగ్గం నేసి బతికిన మనిషి. అచల బోధ అనే వేదాంతం తండ్రి దగ్గర విన్నారట. ఆదివారాలు ఆయన మగ్గాల షెడ్డులో చాపలు పరిస్తే మేం కొద్దిమందిమి చేరేవాళ్ళం. గుంటూరులో కాలేజీ చదువు చదివి వచ్చిన నాకు మొదట్లో ఈ పద్ధతి నచ్చలేదు. ప్రశ్నకు సమాధానం మాటల్లో ఉండాలనీ, ఆ మాటలకు ముందొక వాదం, వెనకొక వాదం ఉండాలనీ మా లెక్చరర్లు నూరిపోశారు. ఆ గొడవ ఇప్పుడెందుకు, పానకాలరావు ప్రశ్న దగ్గరకు వస్తాను. పాతికేళ్ళ పైమాట ఇది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పానకాలరావు మా ఊరి పెద్దబజారులో ఉండే పెద్ద రైతు. ఆ ఆదివారం మొహం కందగడ్డ చేసుకొని వచ్చి కూర్చున్నాడు. కూర్చుంటూనే, "గురువుగారూ, మేలు చేసినవాణ్ణే అవమానం చేసే మనుషులకు ఇంకా మేలు చెయ్యాలంటారా?" అని అడిగాడు. సువార్త సంగతి ఎత్తుతున్నాడని మా అందరికీ తెలుసు.

సువార్త ఊరవతల పల్లెలో ఉండేది. మొగుడు మట్టి లారీ మీద నుంచి పడి నడుము విరిగి మంచం పట్టాడు. ఒక్కతే కూతురు. టౌనులో నూలుమిల్లులో ఈమెకు వచ్చే జీతం తప్ప ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు. మిల్లుకు నడిచి వెళ్ళేది. రెండో సైరన్ కూసిందంటే గేటు వేసేస్తారు. వంట చేసి, మొగుణ్ణి కడిగి, పక్క మార్చి బయలుదేరేసరికి ఆలస్యం అవుతూ ఉండేది. ఇంకొక్కసారి గేటు బయట కనబడితే పేరు కొట్టేస్తానని మిల్లు మేస్త్రి చెప్పేశాడు. అంతకుముందు పానకాలరావు పొలంలో కూలికి వెళ్ళిన మనిషి కాబట్టి ఆయన భార్య దగ్గర చెప్పుకొని ఏడ్చింది. పానకాలరావు మేస్త్రితో మాట్లాడి కాస్త ఓపిక పట్టమన్నాడు. తన డబ్బుతో ఆమెకు కొత్త సైకిలు కొనిచ్చాడు. మంచి పనే, కాదనను.

కొనేముందు నన్ను అడిగాడు. మా ఊళ్ళో సైకిలు మాట వస్తే నన్నే అడిగేవారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టౌనుకు సైకిలు మీదే వెళ్ళివచ్చాను, రిటైరయ్యాక కూడా సాయంత్రాలు కాలవగట్టు మీద ఊరికే తిరిగివస్తుంటాను. ఈ మధ్య కుర్రాళ్ళు ఫోనులో బొమ్మలు చూపించి "తాతా, ఇందులో ఏది కొనమంటావు" అంటున్నారు. గేర్లు ఎన్ని ఉన్నాయి, ముందు ఫోర్కుకు స్ప్రింగులు ఉన్నాయా, రంగు ఎలా ఉంది, ఇదీ వాళ్ళ ధ్యాస. ఏ దారిలో తొక్కుతావురా అని అడిగితే తెల్లమొహం వేస్తారు. దారి తెలియకుండా సైకిలు ఎలా చెప్పను? పానకాలరావుకు మాత్రం నాకు తెలిసిందంతా చెప్పాను. మరీ చవకది వద్దు, ఆర్భాటంది అసలే వద్దు. గేర్లు వద్దు, అవి చెడితే బాగుచేసేవాడు మన దగ్గర లేడు. సీటు మీద కూర్చుంటే మునికాళ్ళు నేలకు అందాలి. చీర కట్టుకునే మనిషి కాబట్టి అడ్డకడ్డీ లేనిది, చెయినుకు నిండా కవరు ఉన్నది, వెనక చక్రానికి జాలీ ఉన్నది చూడు. టైర్లు లావుగా ఉండాలి. ఎంత పేరున్న కంపెనీదైనా కొట్లో బిగించేవాడు తొందరపడితే నెల తిరక్కుండా కిర్రుమంటుంది, అందుకని దగ్గర కూర్చొని బిగింపించు. ఆయన అన్నీ పాటించాడు. సుఖంగా సాగే సైకిలు, పదేళ్ళు నమ్ముకోదగ్గ సైకిలు. దానికి వంక పెట్టేందుకు లేదు. జరగబోయేదాంట్లో సైకిలు తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను.

"పొద్దున్నే నేను అరుగు మీద కూర్చొని పేపరు చదువుకుంటుంటే నా కళ్ళ ముందే దాన్ని నెట్టుకుంటూ పోతుంది," అన్నాడు పానకాలరావు. "ఏదన్నా చెడిందేమోనని రిపేరు కొట్టువాణ్ణి పంపాను. గాలి ఉంది, చెయిను ఉంది, బ్రేకులు పడుతున్నాయి, ఏ లోపమూ లేదన్నాడు. పోనీ తొక్కడం రాదేమో అనుకున్నాను. పోయిన ఆదివారం చూశాను గదా, కాలవగట్టు మీద కూతుర్ని వెనక కూర్చోబెట్టుకొని గాలిలా పోతోంది. సరదాకైతే తొక్కుద్ది, పనికైతే నెట్టుద్ది. అదీ సరిగ్గా మా ఇంటి ముందు. పానకాలు తుక్కు కొని అంటగట్టాడని బజారంతా నవ్వుతున్నారు. ఇప్పటికీ ఆలస్యంగానే పోతుందంట. ఇంక ఆమె తరఫున మాట్లాడనని రేపు మేస్త్రికి కబురు పెట్టేస్తాను."

ఆ కబురు వెళితే సువార్త పని పోయినట్టే.

కోటిలింగం గారు చాప మీద నుంచి లేచారు. "పొద్దున్నే వస్తాను. రైసుమిల్లు గోడ దగ్గర నిలబడు. కబురు ఆ తర్వాత పెడుదువుగాని," అన్నారు. నన్ను కూడా రమ్మన్నారు.

రైసుమిల్లు గోడ అంటే పెద్దబజారు మొదలు. పల్లె నుంచి టౌను రోడ్డు ఎక్కాలంటే ఆ బజారు మీదుగానే పోవాలి. ఇంకో దారి చేలగట్ల వెంట ఉంది గానీ అక్కడ వానాకాలం మోకాలి లోతు బురద. బజారుకు రెండువైపులా అరుగులే. పొద్దున్న పూట ప్రతి అరుగు మీదా ఒక పెద్దమనిషి ఉంటాడు. ఒకరు పళ్ళు తోముతూ, ఒకరు గడ్డం గీయించుకుంటూ, ఒకరు ఊరికే ఒళ్ళు గోక్కుంటూ. పొలం పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు కూడా ఆ అరుగులు ఖాళీ అవడం నేను చూడలేదు. వాళ్ళు లేకపోతే ఊరు నడవదని వాళ్ళ నమ్మకం.

మేం ముగ్గురం గోడ పక్కన నిలబడ్డాం. కాసేపటికి పల్లె వైపు నుంచి సువార్త వచ్చింది. కొంగు నడుముకు దోపుకొని, ముందు బుట్టలో అన్నం క్యారేజీ పెట్టుకొని, వేగంగా తొక్కుకుంటూ వస్తోంది. మొదటి అరుగు ఇంకా కొంచెం దూరం ఉండగానే దిగింది. కరెంటు పోతే చెయ్యి అగ్గిపెట్టె కోసం పోయినంత అలవాటుగా దిగింది. దోపుకున్న కొంగు లాగి భుజాల చుట్టూ కప్పుకుంది. తల వంచుకొని సైకిలు నెట్టడం మొదలుపెట్టింది.

"దిగిందేం?" అన్నాడు పానకాలరావు.

"నన్ను అడుగుతావేం? ఆమెనే అడుగు," అన్నారు గురువుగారు.

పానకాలరావు ముందుకు వెళ్ళాడు. "ఏం సువార్తా, చెయినేమన్నా ఊడిందా?"

"లేదయ్యా."

"గాలి పోయిందా?"

"నిండుగా ఉందయ్యా."

"మరి దిగావేం?"

ఇదేదో తనను ఇరికించే ప్రశ్న అనుకున్నట్టుంది, ఆమె గురువుగారి వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. "బజార్లోకి వచ్చాను గదయ్యా. అరుగుల మీద పెద్దలు కూర్చునుంటారు. తమరూ కూర్చునుంటారు."

"నేను దిగమన్నానా ఎప్పుడన్నా?" ఆయన గొంతు పెరిగింది. "ఎవరన్నా దిగమన్నారా నిన్ను?"

"మా మరిది దిగలేదయ్యా. ఆ సైకిలు కాలవలో దొరికింది. ఇప్పటిదాకా మరిది ఊళ్ళోకి రాలేదు."

ఆ సంగతి పానకాలరావుకు తెలుసు. బజారు మొత్తానికి తెలుసు. తెలిసి మర్చిపోయారని కూడా అనలేను. తెలిసినదాన్ని ఎక్కడో ఒక మూల పెట్టి పేపరు చదువుకుంటున్నారు, అంతే. ఈ బజార్లో సైకిలు దిగి నడవాలని బోర్డు రాసి పెట్టినవాడు లేడు. నోరు విప్పి చెప్పక్కర్లేకుండా చేయించుకునే పనికి మా ఊళ్ళో మర్యాద అని పేరు. ఒక చేత్తో సైకిలు ఇచ్చి, ఇంకో చేత్తో దాని మీద నుంచి దింపి, పైగా తొక్కడం లేదని కోపగించుకునే మనుషుల మధ్య నేను ఇన్నేళ్ళు బతికాను. ఇంగ్లీషులో, తెలుగులో సమానత్వం గురించి వ్యాసాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు ఆ అరుగుల మీద కూడా ఉన్నారు.

"నేనెప్పుడూ దిగమనలేదు గురువుగారూ," అన్నాడు పానకాలరావు ఈ వైపు తిరిగి.

"ఎక్కమన్నావా?"

అంతలో టౌను వైపు నుంచి మిల్లు సైరన్ కూసింది. అది మొదటిది. సువార్త చేతులు హ్యాండిలు మీద బిగుసుకున్నాయి. "పోతానయ్యా, గేటేస్తారు," అంది.

"చెప్పు మరి," అన్నారు గురువుగారు.

పానకాలరావు బజారు వంక చూశాడు. మొదటి అరుగు ఆయన సొంత బాబాయి చలపతిది. నోట్లో వేపపుల్ల ఆపి ఇటే చూస్తున్నాడు. పక్క అరుగుల వాళ్ళూ మెడలు సాచారు. పానకాలరావు గొంతు తగ్గించాడు. "సాయంత్రం అందర్నీ మా ఇంటికి పిలిచి నిదానంగా మాట్లాడతాను. నలుగురిలో ఇలా నడిరోడ్డు మీద ఎందుకండీ?"

కోటిలింగం గారు గొంతు పెంచడం అంతకుముందు నేను ఎన్నడూ వినలేదు. "ఆమె దిగింది ఎక్కడ? మీ పెరట్లోనా? ఈ నడిరోడ్డు మీద, ఈ నలుగురి ముందే దిగింది. ఆమె దిగినప్పుడు లేని సిగ్గు నీకు ఇప్పుడు వచ్చిందే."

పానకాలరావు మొహం నల్లబడింది. "ఎక్కు," అన్నాడు సువార్తతో, మనలో మనమాట అన్నట్టు.

ఆమె ఎక్కలేదు. "తమరు ఎక్కమంటే ఎక్కుతానయ్యా. తమరి మాట తమరి ఇంటి ముందు చెల్లుద్ది. మొదటి ఇల్లు చలపతయ్యగారిది. తమరిది ఎక్కడో నడిమధ్యన ఉంది. తమరిది దాటినాక ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయి? రేపు తమరు పేపరు చదువుకుంటా ఉంటారు. రోడ్డు మీద నేనొక్కదాన్నే ఉంటాను." తల ఎత్తకుండానే అంది. కానీ మాటలో వణుకు లేదు. ఉన్నదల్లా కోపం, అదీ ఎన్నాళ్ళుగానో అణిచిపెట్టుకున్న కోపం.

"ఏరా పానకాలూ," చలపతి అరుగు మీద నుంచే కేకేశాడు, "పొద్దున్నే పల్లెవాళ్ళతో పంచాయితీ ఏంట్రా? మీ గురువు మగ్గం అమ్మేసి మనకు బుద్ధులు చెప్పే పని పెట్టుకున్నాడా?"

అందరూ నవ్వారు. గురువుగారు మాత్రం బజారు వైపు చెయ్యి చూపించారు.

ఆ నవ్వే పానకాలరావును కదిలించిందో, ఆ చెయ్యే కదిలించిందో నాకు తెలియదు. నన్నడిగితే భక్తి కంటే రోషమే ఎక్కువ పనిచేసి ఉంటుంది. పంచె ఎగగట్టాడు. "ఎక్కు సువార్తా, నా వెనకే రా," అని ఈసారి బజారంతా వినేలా అన్నాడు. ముందు ఆయన నడిచాడు, వెనక ఆమె సైకిలు ఎక్కింది. చలపతి అరుగు దిగి రోడ్డుకు అడ్డం నిలబడ్డాడు.

"తప్పుకో బాబాయ్."

"తప్పుకోకపోతే?"

"నన్ను తోసెయ్. ఆమె మాత్రం దిగదు."

ఇద్దరూ ఒక్క ఇంటివాళ్ళు, ఒకే పోలిక మొహాలు, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. సువార్త ఒక కాలు నేల మీద ఆనించి ఆగింది గానీ సీటు మీద నుంచి దిగలేదు. చివరికి చలపతి వేపపుల్ల నమిలిన పిప్పిని పానకాలరావు కాళ్ళ ముందు ఉమ్మి పక్కకు జరిగాడు. "ఊరేగింపు బాగానే ఉంది, మేళం మర్చిపోయావు," అన్నాడు.

పానకాలరావు మొదట నడిచాడు, తర్వాత పరుగులాంటి నడక నడిచాడు. కొన్ని అరుగుల మీద నవ్వారు. కొన్నిటి మీద బూతులు తిట్టారు. ఒకాయన మాత్రం లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆయన కూడా నాలాగే కాలేజీ చదువు చదివినవాడు. బజారు చివర రోడ్డు కాలవగట్టు ఎక్కే చోట పానకాలరావు పక్కకు తప్పుకున్నాడు. సువార్త కొంగు మళ్ళీ నడుముకు దోపుకుంది. ఆయనకు దండం పెట్టలేదు, వెనక్కి కూడా చూడలేదు. అంత తీరిక ఆమెకు ఎక్కడిది? రెండో సైరన్ కూసే వేళకు గట్టు మీద దూరంగా నూలుమిల్లు గోడ దాకా వెళ్ళిపోయి, గేటు వైపు తిరగడం మాకు చుక్కలా కనిపించింది.

పానకాలరావు చెమటలు కక్కుతూ తిరిగి వచ్చాడు. వచ్చేటప్పుడు కూడా అవే అరుగుల ముందు నుంచి రావాలి గదా. రైసుమిల్లు గోడకు ఆనుకొని చాలాసేపు రొప్పాడు. కోపం తగ్గలేదు, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియని మనిషిలా అటూ ఇటూ చూస్తున్నాడు.

"బాబాయి ఇంక మా గడప తొక్కడు," అన్నాడు.

"మేస్త్రికి కబురు పెట్టనులెండి."

"గురువుగారూ," అన్నాడు చివరికి, గొంతు పూర్తిగా దిగిపోయి, "ఇంక రోజూ నేను ఇలా ముందు నడవాల్సిందేనా?"

కోటిలింగం గారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"రోజూ ఎందుకయ్యా," అన్నారు, "ఆదివారం మిల్లుకు సెలవేగా."