నీటిలో మొలిచిన చెయ్యి

ఒక రాజ్యంలో మనిషికి ఐదు వేళ్లే ఉండాలని చట్టం. నేల మీదికి మొదట నడిచొచ్చిన ప్రాణికి ఐదే వేళ్లున్నాయనీ, ఆ లెక్క మీరడం అపచారమనీ వృద్ధుడైన ఆస్థాన పండితుడు ఏనాడో రాసిపెట్టాడు. ఆరో వేలితో పుట్టిన బిడ్డకు పేరు పెట్టే రోజున ఆ వేలు కోసే కత్తి పట్టేదీ ఆయనే.

ఆయన కొలువులో ఒక ముసలామె ఉండేది. రాతిలో చిక్కుకున్న పురాతన ఎముకల చుట్టూ ఉన్న రాతిని సూదితో నలుసు నలుసుగా రాల్చడం ఆమె పని. ఐదో వేలు తేలాక పక్కన ఏది తగిలినా రాయేనని గీకెయ్యడం అక్కడి ఆనవాయితీ. నలభై ఏళ్లు ఆమె అలాగే గీకింది.

ఈసారి గీకలేదు. ఆమె మనవరాలి ఎడమచేతికి ఆరు వేళ్లు. పేరు పెట్టేది రేపే.

మధ్యాహ్నం రాజు ఆ రాతిని చూడవస్తున్నాడని కబురొచ్చింది. పండితుడు ముందుగానే వచ్చి, వంగి చూశాడు. ఎనిమిది వేళ్లు.

"ఇది పిల్లప్రాణి, అమ్మా. ఎముక ఇంకా ముదరలేదు. పెరిగితే ఆ మూడూ రాలిపోయేవి," అన్నాడు గొంతు తగ్గించి.

"వేళ్లేమైనా పాలపళ్లా అయ్యా, రాలడానికి?"

"నోరు బాగా లేస్తోందే! రాజు వచ్చేలోగా గీకెయ్. లేదంటే రేపట్నుంచి ఆ సూది ఇంకొకరి చేతిలో ఉంటుంది."

ఆమె సూది ఎత్తింది. మొన ఆరో వేలి మీద ఆనింది. ఒక్క నొక్కు చాలు, పిండైపోతుంది. వాకిట్లో కాపలావాళ్ల ఈటెలు నేలను తాకిన చప్పుడైంది. ఆమె చెయ్యి మాత్రం కదల్లేదు.

రాజు లోపలికి వచ్చాడు. "ఆ మొదటి ప్రాణి ఈ చేత్తోనేనా నేల మీద నడిచింది?"

"నడవలేదు ప్రభూ," అంది ఆమె. పండితుడు గట్టిగా దగ్గాడు. "గొంతు కింది ఎముక మీద మొప్పల గాడి చూడండి. ఇది నీళ్లలోనే పుట్టి నీళ్లలోనే పోయింది. చేతులు మొలిచిందీ నీళ్లలోనే. అప్పటికి ఐదన్న లెక్కే లేదు."

"ఇన్నాళ్లూ ఐదే చూపించావు కదా?"

"మిగిలినవి గీకేశాను ప్రభూ. ఈ చేత్తోనే."

"ముసలిది ప్రభూ, చూపు ఆనడం లేదు," అన్నాడు పండితుడు.

రాజు వంగి రాతిలోని వేళ్లు లెక్కపెట్టాడు. తర్వాత కుడిచేతి తొడుగు మెల్లగా విప్పాడు. ఒకరి ఎదుట ఆయన దాన్ని తీయడం అదే మొదలు. చిటికెనవేలి పక్కన పెసరగింజంత పాత మచ్చ.

"ఇది కోసిన రోజు నేను ఏడ్చానా?"

పండితుడు తల దించుకున్నాడు. "చాలాసేపు, ప్రభూ."

ఆయన కత్తి ఇచ్చెయ్యమని రాజు ఆ చేతినే చాచాడు.