గోడవైపు నాలుగు రౌండ్లు

మార్తమ్మ మేడమ్‌ను ప్రశ్న అడిగితే జవాబు వెంటనే వచ్చేది కాదు. అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కడికో నడిపించుకెళ్ళేవారు. జవాబు అక్కడ దొరికేది. దొరక్కపోతే అది అడిగినవాళ్ళ ఖర్మ. బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాక, మిర్చి యార్డు వెనకవీధి ఆడపిల్లలకు ఆమె పరుగు నేర్పేవారు.

ఒక సాయంత్రం శిష్యురాలు కోటేశ్వరి అడిగింది: "తెలియనివాళ్ళ మీద అంత కోపం ఎందుకు మేడమ్? నిదానంగా చెప్తే వింటారు కదా?"

ఆ మాట అనే హక్కు కోటేశ్వరికి ఉంది. దెబ్బ తిన్నది తనే. ఆ రోజు స్టేడియంలో క్రీడా హాస్టల్‌కు ఎంపిక జరిగింది. పదహారు వందల మీటర్ల పరుగు, అంటే నాలుగు రౌండ్లు. సున్నపు గీతలు గీసిన ఎనిమిది దారుల్లో లోపలివన్నీ అబ్బాయిలకు, గోడ పక్కనున్న చిట్టచివరిది అమ్మాయిలకు. అబ్బాయిల కాళ్ళకు అడ్డం పడకుండా ఉండాలని ఆ ఏర్పాటు. గోడవైపు రౌండు లోపలి రౌండు కంటే పొడుగు. నాలుగు తిరిగేసరికి సగం రౌండు పైగా అదనంగా పరుగెత్తాలి. ఆ సగం రౌండు ఎవరూ లెక్కలో వేయలేదు. ఆడపిల్లలు కాబట్టి గడువులో అర నిమిషం సడలింపు ఇచ్చామని మాత్రం మైకులో పదేపదే చాటారు, తమ జేబులోంచి తీసి ఇచ్చినట్టు.

కోటేశ్వరి పది సెకన్లు ఆలస్యంగా గీత దాటింది. ఇంకొక్క అవకాశం ఇమ్మని బతిమాలితే, కోచ్ చెన్నకేశవులు నవ్వాడు. "అందరూ తిరిగింది నాలుగే, నువ్వూ నాలుగే. నాలుగంటే ఎవరికైనా నాలుగేనమ్మా!" సీటు రాకపోతే ఆ పిల్ల మళ్ళీ యార్డులో తల్లి పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తియ్యాలి. చేతుల మంట అన్నం కలిపేటప్పుడు కూడా వదలదు. అయినా అతన్ని వెనకేసుకొస్తోంది, పాపం తెలియక చేశాడని!

మేడమ్ మొహం కందగడ్డలా ఎర్రబడింది. కానీ తిట్టలేదు. "రేపు మిగతా అబ్బాయిల పరుగు ఉందిగా. బూట్లు వేసుకుని రా. దూరం సంగతి నేను ఎత్తను. నువ్వు ఎత్తావో, నీ సంగతి చెప్తా," అన్నారు.

మర్నాడు పొద్దున అబ్బాయిలు లోపలి దారుల్లో వరసగా నిలబడ్డారు. ముందు రోజు ఓడిన అమ్మాయిలు మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు. చెన్నకేశవులు మైకు పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. మేడమ్ అతని దగ్గరికి వెళ్ళి, ఎంతో మర్యాదగా అడిగారు.

"కేశవులు గారూ, చిన్న మనవి. ఇవాళ మా పిల్లల్ని లోపల పరుగెత్తనివ్వండి. మీ అబ్బాయిల్ని గోడవైపు పంపండి. ఎవరికైనా నాలుగేగా?"

"భలేవారే మేడమ్!" అతను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "గోడవైపు నాలుగు తిరిగితే రెండొందల మీటర్లు ఎక్కువ పడుతుంది. మా కుర్రాళ్ళ బతుకులు ఏమైపోవాలి?"

చేతిలో మైకు ఉన్న సంగతి అతను మరిచిపోయాడు. ఆ రెండొందల మీటర్లు స్టేడియం అంతా మోగాయి. మెట్ల మీది అమ్మాయిలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరో గట్టిగా అరిచారు: "మరి మావేంటి సారూ, బతుకులు కావా?"

చెన్నకేశవులు మైకు కట్టేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. అబ్బాయిల పరుగు ముగిశాక అమ్మాయిలందరికీ లోపలి దారుల్లోనే మళ్ళీ పోటీ పెట్టక తప్పలేదు. కోటేశ్వరి ఆ అర నిమిషం సడలింపును ముట్టుకోనైనా లేదు. అబ్బాయిలకు పెట్టిన గడువులోనే గీత దాటేసింది. సీటు వచ్చింది.

తిరిగి వస్తుంటే ఆ పిల్లకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. "చూశారా మేడమ్! నేను చెప్పలా? చెప్తే విన్నారు!"

మార్తమ్మ మేడమ్ రోడ్డు మధ్యలోనే ఆగిపోయారు. నిన్నటి కోపం ఆ మొహంలో ఇసుమంతైనా తగ్గలేదు.

"విన్నాడు సరే. ఆ రెండొందల సంగతి అతనికి చెప్పిందెవరే?"