కత్తిని మింగిన కోపాలమ్మ గుండు

పూర్వం ఎర్రమల కొండల దిగువన, రాళ్లవాగుకు ఇరువైపులా ఉన్న పల్లెలను గండమ నాయకుడనే పాలెగాడు ఏలుతుండేవాడు. అతని రాజ్యం యుద్ధాలవల్ల పెరిగింది కాదు, పెండ్లిళ్లవల్ల పెరిగింది. ఏ ఊరి మాగాణి మీద అతని కన్ను పడితే ఆ ఊరిపెద్ద కూతురికి అతని ఖడ్గం పెండ్లికొడుకై పల్లకిలో తరలివచ్చేది. ప్రభువు స్వయంగా రానవసరం లేదనీ, అతని ఖడ్గమే అతడనీ ఆనాటి ఆచారం. తాళి పడిన మరునాటినుంచి అది అత్తవారి ఊరు, దాని ధాన్యం అల్లుడి ధాన్యం, దాని యువకులు అల్లుడి బంటులు. పిల్లతోపాటు ఊరినీ ధారపోసే ఈ పద్ధతికి బంధుత్వమని పేరు పెట్టిన పెద్దలను తలచుకుంటే, ఈ కథ చెప్పే ఎవరికైనా ఒళ్లు మండక మానదు.

వాగు ఒడ్డున వేగులపల్లె పెద్ద ప్రోలిరెడ్డికి కొమ్మసాని, మాచసాని అని ఇద్దరు కూతుళ్లు. పెద్దదైన కొమ్మసానికి ఆ ఖడ్గంతోనే వివాహం జరిగింది. కత్తిని పీటమీద నిలబెట్టి, పెండ్లికొడుకు కాళ్లు కడిగినట్టు పిడికి నీళ్లు పోసి, జీలకర్రబెల్లం అద్ది, పాణిగ్రహణమంటూ పదునైన అంచును ఆమె చేతికిచ్చారు. అగ్నిసాక్షిగా ఏడడుగులు నడిచేసరికి అరచెయ్యి తెగింది. శుభమన్నారు పెద్దలు. ఆ సాయంత్రమే కత్తి కోటకు తిరిగి వెళ్లిపోయింది. పల్లకి పంపుతానన్న నాయకుడు పంపలేదు, అతనికి కావలసిన మాగాణి అతనికి చేరింది గనుక.

కన్య కాక, ఇల్లాలూ కాక కొమ్మసాని పుట్టింట్లోనే ఏళ్లు వెళ్లబుచ్చింది. పేరంటాలకు పిలిచి కాళ్లకు పసుపు రాసిన అమ్మలక్కలే, పల్లకి ఎప్పుడొస్తుందని నవ్వుతూ అడిగేవారు. ఆమె కుమిలి కుమిలి ఏడ్చిందని కొందరు చెబుతారు. అది అబద్ధం. ఆమెకు కోపం వచ్చింది, ఆ కోపం ఒక్కనాడూ చల్లారలేదు.

కొంతకాలానికి వాగుకు ఎగువన, ఊరి పొలిమేర అవతలనున్న మెట్టభూములు కూడా నాయకుడికి కావలసివచ్చాయి. అవి ప్రోలిరెడ్డి తన చిన్న కూతురికి పసుపుకుంకుమల కింద ఇవ్వదలచినవి కనుక, మాచసానికీ అదే కత్తి పెండ్లికొడుకుగా కుదిరింది. ఆ ఇనుముకు తన చెయ్యి ఇవ్వనని మాచసాని అక్క ఒడిలో తలపెట్టి ఏడ్చింది. కాదంటే ఊరు తగలబెడతారని తండ్రి తలవంచుకుని చెప్పాడు. ముత్తైదువ గనుక ఎదురుకోలు హారతి కొమ్మసానే ఇవ్వాలన్నారు పెద్దలు. ఆమె సరేనంది.

హారతి ఇచ్చింది. పళ్లెం కిందపెట్టి, పల్లకిలోని కత్తిని రెండు చేతులా ఎత్తుకుని, అందరూ చూస్తుండగా పందిట్లోంచి నడిచి వెళ్లి ఊరి బయటనున్న పెద్ద రాతిగుండు దగ్గర కూర్చుంది. బంటులు వెంటపడి వచ్చి కత్తి ఇచ్చెయ్యమని గద్దించారు.

"ఈయన్నే నా మొగుడని మీరే చెప్తిరి గదా," అంది కొమ్మసాని. "ఇన్నేండ్లకు ఇంటికొచ్చిన మొగుణ్ణి యాడికి తీసకపోతారు?"

బంటులు పురోహితుడి వైపు చూశారు. ఆనాడు మంత్రం చెప్పి ముడి వేయించినవాడు ఆయనే. భార్య చేతిలోంచి భర్తను లాక్కోమని ఏ శాస్త్రం చూపించి చెప్పగలడు? బంటులు ఆ కబురు మోసుకుని వట్టిచేతులతో కోటకు తిరిగి వెళ్లారు. పెండ్లికొడుకే లేకపోయాక మాచసాని పెండ్లి ఆగింది, పక్క ఊళ్లలో అనుకున్న పెండ్లిళ్లూ ఆగాయి. చివరికి గండమ నాయకుడే గుర్రమెక్కి వచ్చాడు. పెండ్లికి రానివాడు, పల్లకి పంపనివాడు, ఇనుపముక్క కోసం ఉరుకులు పరుగులమీద వచ్చాడు. వచ్చి, గుండు దగ్గర కూర్చున్న ఆడమనిషి ఎవరని పక్కవాణ్ణి అడిగాడు.

ఆ ప్రశ్న చెవిన పడగానే కొమ్మసాని లేచి నిలబడి, మచ్చ పడిన అరచెయ్యి అతనికి చూపించింది.

"ఈ చెయ్యి పట్టుకునింది నువ్వు గాదు," అంది. "నీకూ నాకూ ఏ సంబంధమూ లేదు. మా ఊరికీ నీకూ అంతకన్నా లేదు."

అని ఆ ఖడ్గాన్ని గుండుకేసి పొడిచింది. అంతటి బండరాయి మెత్తగా చీలి, కత్తిని పిడితో సహా మింగి, మళ్లీ మూసుకుంది. నాయకుడు సమ్మెటలు తెప్పించి కొట్టించాడు, సమ్మెటలే విరిగాయి. ఈ వార్త విని, పల్లకి కోసం ఎదురుచూస్తున్న ఊరూరి ఆడపడుచులు మెడలోని తాళి తీసి కోటకు పంపేశారు. తాళితో కట్టుబడిన ఊళ్లు తాళితోపాటే అతని చెయ్యి జారిపోయాయి.

కొమ్మసాని ఆ రాతిలో ఐక్యం కాలేదు. గుండు పక్కనే గుడిసె వేసుకుని తల నెరిసేదాకా బతికి, ఆడపిల్ల పెండ్లిలో భూముల ఊసెత్తిన పెద్దమనుషులను పేరుపెట్టి మరీ తిట్టింది. ఆమె పోయాక జనం అక్కడ పసుపురాయి నాటి, కోపాలమ్మ అని కొలిచారు.

నేటికీ ఆ గుండు మీద ఎర్రని చార కనిపిస్తుంది. వాన కురిస్తే దానివెంట తుప్పునీరు కారుతుంది, పెండ్లికూతుళ్లు దానితోనే బొట్టు పెట్టుకుంటారు. తన మనసుకు నచ్చినవాణ్ణి చేసుకున్ననాడు మాచసాని పెట్టిన పద్ధతి కూడా తప్పకుండా సాగుతోంది. వరుడు ఎంతటివాడైనా గుండు దగ్గరకు కాలినడకన రావాలి. "నువ్వే వచ్చినావా?" అని వధువు అడుగుతుంది. "నేనే వచ్చినా" అని అతడు చెప్పాలి. అప్పుడు అందరూ ఆమె వైపు తిరుగుతారు. ఇష్టమేనని ఆమె నోరు తెరిచి చెప్పేదాకా, ముహూర్తం దాటినా సరే, పురోహితుడు మంగళసూత్రం ముట్టుకోడు. ఆ మాట చెప్పకుండా వెనుదిరిగిన పెండ్లికూతుళ్లూ లేకపోలేదు. అలాంటి రోజున వండిన వంటంతా ముందు కోపాలమ్మకు నైవేద్యం పెట్టి, ఇరువైపుల చుట్టాలూ అక్కడే కూర్చుని భోంచేసి వెళతారు.