ఉప్పు చూసిన నక్క

కార్తీక మాసంలో జీడితోటకు వనభోజనాలకు వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ ఒక మూకుడు, ఒక గరిటె, నిండు నూనె డబ్బా మరిచిపోయారు. అంతకుముందు ఆ కొండ కింద ఎవరికీ వంట తెలియదు. దొరికింది దొరికినట్టు తినేవాళ్లు. ఎవరి ఒళ్లు ఎంత ఉండాలో అంతే ఉండేది. నక్క నూకరాజు ఆ మూకుడు తెచ్చి బండ మీద పెట్టి కర్రీ పాయింట్ తెరిచాక అందరి ఒళ్లూ అదుపు తప్పాయి. ఉగాది నాటికి కుందేళ్లు గెంతడం మానేసి నడవడం మొదలుపెట్టాయి. నెమలి పురి విప్పబోయి, ఆయాసం వచ్చి, సగంలోనే మూసేసింది.

అందరికంటే ఎక్కువ చెడింది ముళ్లపంది గవరమ్మ. వంటంటే ఆమెకు ఒళ్లుమంట. ఒకసారి తనే చేసుకుందామని పొయ్యి ముందు కూర్చుంటే నడుం మీది ముళ్లు ఆరు కాలిపోయాయి. అప్పట్నుంచి మూడు పూటలా నూకరాజు దగ్గరే తిండి. తిని తిని చర్మం ఎంత బిగిసిందంటే, ముళ్లు వెనక్కి వాలడం మానేశాయి. ముళ్లు వాలకపోతే కలుగులో దూరలేదు. వారం నుంచి సొంత గుమ్మం బయటే పడుకుంటోంది.

ఆ కొండకు ఒక కట్టుబాటు ఉంది. మృగశిర కార్తెలో తొలి చినుకు నేలను తాకినప్పుడు కలుగులో ఎవరుంటే ఆ ఏడాదంతా అది వాళ్లది. గవరమ్మ కలుగును వాళ్లమ్మ గోళ్లు అరిగేలా తవ్వింది. అందులోకి వరద నీళ్లు రావు, తోడేలు తల పట్టదు. దాని మీద నూకరాజు కన్నేసి మూడేళ్లయింది. కార్తె ఇంకా నెల రోజులుంది.

"నూకరాజూ, నీ కూరలు నా కొంప ముంచాయి. రేపట్నుంచి రాను," అంది గవరమ్మ.

"రాకపోతే ఏం తింటావక్కా? వండుకుంటావా?"

గవరమ్మ కాలిన ముళ్లు తడుముకుంది.

"నీలాంటివాళ్ల కోసమే డైట్ కూరలు మొదలుపెట్టాను," అన్నాడు నూకరాజు. "మునక్కాడ చూడు. లావుగా ఉందా?"

"లేదు."

"పొట్లకాయ?"

"సన్నగానే ఉంది."

"సన్నగా ఉన్నవి తింటే సన్నబడతారు. గుమ్మడికాయ తిన్నావా, గుమ్మడికాయవే. చదువుకున్నవాళ్లు చెప్పే మాట ఇది."

"మరి ఆ పైన తేలుతున్నదేమిటి?"

"నూనె. నూనె జారుతుంది కదక్కా. రేపు కలుగులోకి నువ్వూ అలాగే జారిపోతావు."

ఆ మాట గవరమ్మకు సబబుగా తోచింది. జీడిపప్పు వేసిన మునక్కాడ కుర్మా తింది, పొట్లకాయ బజ్జీలు తింది. వారం తిరిగేసరికి ఆమె కూర్చుందో నిలబడిందో దూరం నుంచి చూసేవాళ్లకు తెలియడం మానేసింది.

తోట గట్టున పోలమ్మ అనే ముసలి గాడిద ఉండేది. ఇరవై రెండేళ్లు రేవు నుంచి ఊళ్లోకి బట్టల మూటలు మోసింది. మోకాళ్లు అరిగాక యజమాని వదిలేశాడు. ఆమె నోరు మంచిది కాదని అందరూ దూరంగా తిరిగేవాళ్లు. గవరమ్మ దొర్లుతూ అక్కడికి చేరింది.

"పెద్దమ్మా, నేను సన్నబడాలి. నాకు వంట చేతకాదు."

"నేను బతుకంతా మూటలు మోశాను. ఒక్కపూట పొయ్యి వెలిగించానా? నా పొట్ట చూడు," అంది పోలమ్మ. "నిన్ను వండమన్నదెవరే?"

"మరి డైట్ అంటే..."

"దోసకాయకు పొయ్యి కావాలా? తాటిముంజెకు తాలింపు కావాలా? చేలో రాలిన పెసలు ఏరుకుని గుంటలో నానబెట్టుకో."

"నానబెట్టడం వంట కాదా పెద్దమ్మా?"

"అందులో నువ్వు చేసేదేముంది, నీళ్లు చేస్తాయి. దుంప తినాలనిపిస్తే తవ్వుకో. తవ్విన చెమట ఆరేదాకా రెండోది ముట్టకు. మీ అమ్మ అలాగే తింది. ఆమె ముళ్లు దువ్వినట్టుండేవి."

గవరమ్మ తల దించుకుంది.

"ఇంకో మాట. ఆ నూకరాజు నీ దగ్గర ఏం పుచ్చుకుంటున్నాడు?"

"ఏమీ లేదు. ఊరికే పెడుతున్నాడు పాపం."

"ఊరికే పెడుతున్నాడా? పిచ్చిదానా, మీ అమ్మ చెయ్యి పడిన కలుగు వాడికి కావాలి. నువ్వు లావుగా ఉన్నంతసేపూ వాడికి తాళం చెవి దొరికినట్టే." పోలమ్మ కాసేపు గడ్డి నమిలింది. "వెళ్లడం మానకు. రోజూ వెళ్లు. ముళ్లు నిక్కబొడుచుకుని వెళ్లు, లావుగానే కనిపిస్తావు. కూర ముట్టుకోకుండా ఉప్పు సరిపోలేదని చెప్పు. వంటవాణ్నని విర్రవీగేవాడికి ఆ ఒక్క మాట చాలు."

మర్నాడు గవరమ్మ ముళ్లన్నీ లేపుకుని కర్రీ పాయింట్ దగ్గర నిలబడింది. నూకరాజు కుర్మా పెట్టాడు. ఆమె వాసన చూసి పక్కకు జరిపింది.

"ఉప్పు తక్కువ తమ్ముడూ."

"నా చేతిలోనా?" నూకరాజు గరిటెడు తిన్నాడు. "సరిగ్గానే ఉంది."

"పైన చూస్తే ఎలా? అడుగున చూడు."

అడుగున చూశాడు. మధ్యలో చూశాడు. కాస్త ఉప్పు వేసి మళ్లీ చూశాడు.

"ఇప్పుడు ఎక్కువైనట్టుంది," అంది గవరమ్మ.

"తినకుండా ఎలా చెప్తావు?"

"వాసనకే దాహం వేస్తోంది."

జీడిపప్పు ఇంకాస్త వేసి ఉప్పు విరిచాడు. మళ్లీ చూశాడు. చివరికి మూతి తుడుచుకుంటూ, "ఇప్పుడు అమృతంలా ఉంది, తినక్కా," అన్నాడు. ఇద్దరూ మూకుడులోకి చూశారు. గీకడానికి కూడా ఏమీ లేదు.

"రేపు వస్తాలే," అంది గవరమ్మ.

అలా రోజూ మూడు పూటలా. అతని కంటికి మరుగు కాగానే ఆమె చేలోకి పోయేది. దుంపలు తవ్వేది, పెసలు నమిలేది, మధ్యమధ్యలో కుర్మా గుర్తొచ్చి రెండు కన్నీళ్లు కార్చి దోసకాయ కొరికేది. రెండో వారానికి ముళ్లు వెనక్కి వాలాయి, నూకరాజు ముందు మాత్రం లేపుకునే నిలబడేది. మూడో వారానికి కలుగు గుమ్మంలోకి భుజాలు పట్టాయి. నూకరాజు మాత్రం ఉప్పు చూడటంలో పడి ఏటి గట్టుకు పోవడం మానేశాడు కాబట్టి, నీళ్లలో తన నీడ చూసుకునే అవకాశం రాలేదు. ఎదురుగా గవరమ్మ గడ్డివాములా కనిపిస్తుంటే అతనికి అదే చాలు.

మృగశిర వచ్చిన రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. గాలికి జీడాకులు లేచాయి. నూకరాజు మూకుడు వదిలేసి, ఆయాసపడుతూ కలుగు దగ్గరకు పరుగెత్తాడు. బయట గవరమ్మ లేదు. ఎక్కడో చెట్టు కింద ఏడుస్తుంటుందిలే అనుకుని తల లోపల పెట్టి ఒక్క దూకు దూకాడు. తల వెళ్లింది, ముందుకాళ్లు వెళ్లాయి. పొట్ట దగ్గర ఆగిపోయాడు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

"రా తమ్ముడూ," అంది లోపలి నుంచి గవరమ్మ. దోసకాయ కొరికిన చప్పుడు వినిపించింది.

అదే క్షణాన తొలి చినుకు అతని తోక మీద పడింది.

నూకరాజు తొణకలేదు. "అక్కా, న్యాయం మాట్లాడుకుందాం. చినుకు పడేసరికి నేను సగం లోపలున్నాను. సగం కలుగు నాది."

"కాదన్నానా? నీ సగం నీదే. గుమ్మం సగం తీసుకో. కదలకు మాత్రం, జల్లు లోపలికి కొడుతుంది."

"నేను తలుపునా?"

"మంచి తలుపువి. బిగుతుగా ఉన్నావు."

ఒకసారి కోపంతో ముందుకు తోసుకొచ్చి చూశాడు. గవరమ్మ అటు తిరిగి పడుకుంది. ఆమె వీపు ముక్కుకు తగలగానే నూకరాజు మళ్లీ ముందుకు తోసుకోలేదు.

వాన ఎనిమిది రోజులు పడింది. గట్టు మీంచి వచ్చిన పోలమ్మ కలుగు బయట తడుస్తున్న తోకను చూసి, "ఇదేమిటే, గుమ్మానికి తోరణం కట్టావు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

మూడో రోజుకు నూకరాజు గొంతు మెత్తబడింది. "అక్కా, ఆకలి."

"నాకు వంట రాదు తమ్ముడూ. ఇదుంది." గవరమ్మ పచ్చి దోసకాయ ముక్క అతని నోటి దగ్గర పెట్టింది.

నూకరాజు నమిలాడు. మొహం చిట్లించాడు. "ఇందులో ఉప్పు లేదక్కా."

"అవునా? బాగా చూడు," అంది గవరమ్మ, ఇంకో ముక్క కోస్తూ.

తొమ్మిదో రోజు వాన వెలిసింది. నూకరాజు పొట్ట తగ్గి, బయటికి జారిపడ్డాడు. ఆ కొండ కింద అతని డైట్ నిజంగా పనిచేసింది అతనొక్కడికే.

ఎదుటివాళ్ల కొంపకు ఎసరు పెట్టి వండిన కూరకు, ఉప్పు చూడాల్సింది వండినవాడే.