పేరంటాలు కొంగుముడి

కళ్ళు మూసుకో అమ్మలూ, చెబుతాను.

అనగా అనగా కాలవ గట్టున ఒక ఊరుండేదట. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఇంటి పని తెమలగానే అరుగుల మీద చేరి లేసు అల్లేవారు. తెల్లటి దారం, చివర కొక్కెం ఉన్న చిన్న సూది, అంతే వాళ్ళ సరంజామా. అందరిలోకీ పేరంటాలు చెయ్యి మంచిదని పేరు. ఆవిడ అల్లిన పువ్వు చూస్తే ఇప్పుడే కొమ్మ మీంచి తెంపినట్టుండేది.

పేరంటాలుకి ఒక్కతే కూతురు, నీలవేణి. అచ్చం నీ అంతే ఉండేది. పేరంటాలు మొగుడు చేపల లారీ తోలుతూ ఎప్పుడో గాని ఇంటికొచ్చేవాడు కాదు. ఇంట్లో తోడు అత్తగారు అచ్చియ్యమ్మ.

ఒక ఏడాది పెద్ద పనొచ్చింది. పట్నంలో ఎవరో పందిరిమంచం మీదకి లేసు దుప్పటి కావాలన్నారట. గడువు చూస్తే తక్కువ. అయినా పేరంటాలు నేనల్లుతానని ఒప్పుకుంది.

అప్పుడు మొదలైంది. పొద్దున్నే కాఫీ పడితేగాని సూది కదిలేది కాదు. ఆ తర్వాత ఎండెక్కాక టీ. ఆ తర్వాత పొద్దు వాలేసరికి మళ్ళీ టీ, ఈసారి ఇంకా చిక్కగా. టీ తాగితే వేళ్ళు పరుగెత్తేవి. వేళ్ళతో పాటు గుండె కూడా పరుగెత్తేది. ఆవిడ పట్టించుకోలేదు.

అప్పుడు తలనొప్పి వచ్చింది. మందుల షాపు కొండలరావు ఒక తెల్లబిళ్ళ ఇచ్చాడు. వేసుకోగానే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. పేరంటాలు ఎంత సంబరపడిందో! కానీ ఆ తర్వాత బిళ్ళ వేసుకోని రోజు నొప్పి ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చేది. బిళ్ళలు అలవాటై ఆ నొప్పి వస్తోందని పాపం ఆవిడకేం తెలుసు?

ఆ తర్వాత రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది. దానికి పక్కింటావిడ దగ్గర నీలం బిళ్ళ అడిగి తెచ్చుకుంది. ఆ తర్వాత కడుపులో మంట. దానికి పసుపు బిళ్ళ. మూడు రంగుల బిళ్ళలూ కొంగున ముడేసుకుని తిరిగేది.

ఆవిడొక్కతే కాదులే. ఒకావిడ మోకాళ్ళకి వేసుకునేది, ఒకావిడ ఆయాసానికి వేసుకునేది. పాలకేంద్రం కంటే ముందు మందుల షాపు తలుపులు తీసే ఊరది. అచ్చియ్యమ్మ ముక్కుపొడుం పీల్చందే మంచం దిగేది కాదు. కాస్త నడుం వాల్చవే అని కోడల్ని బతిమాలితే, ముందు మీరు ఆ ముక్కుపొడుం మానండి అత్తా, అప్పుడు నేనూ మానతాను అని పేరంటాలు కసురుకునేది. దాంతో అచ్చియ్యమ్మ మెల్లగా దొడ్లోకి జారుకునేది.

ఇంతా చేస్తే పేరంటాలు నెమ్మదిగా ఉందా అంటే, లేదమ్మలూ. కూర్చుంటే లేవాలనిపించేది. లేచాక ఎందుకు లేచిందో గుర్తుండేది కాదు. వంటింట్లోకి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చేది. అరుగు మీద కూర్చున్నా కాలు ఆడిస్తూనే ఉండేది. నీలవేణి ఆ కాలి మీద చెయ్యేసి ఆపేది. చెయ్యి తీయగానే కాలు మళ్ళీ ఆడేది. వేళ్ళు వణికి లేసులో కన్నాలు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయ్యేవి. అల్లింది విప్పడం, విప్పింది అల్లడం, ఇదే పని.

ఒకరోజు నీలవేణి దారపుండతో ఆడుకుంటుంటే దారం చిక్కుపడింది. పేరంటాలు చటుక్కున చెయ్యెత్తి వీపు మీద ఒక్కటేసింది. అంతకుముందు ఎప్పుడూ కొట్టి ఎరగదు. పిల్ల మూలకెళ్ళి ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. పేరంటాలు విడిచిన చీర దండెం మీద వేసి నూతి దగ్గరకి స్నానానికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి నీలవేణి చాప మీద నిద్రపోతోంది. హమ్మయ్య, కాసేపు పని సాగుతుందనుకుంది పేరంటాలు. టీ పెట్టుకుని తాగింది. సూది పట్టుకుని కూర్చుంది.

అప్పుడు అచ్చియ్యమ్మ అన్నం కలుపుకుని మనవరాల్ని లేపబోయింది. పిల్ల లేవలేదు. భుజం పట్టి ఊపితే తల ఒక పక్కకి వాలిపోయింది. పేరంటాలు దండెం వైపు చూసింది. కొంగుముడి విప్పేసి ఉంది. నీలం బిళ్ళలు లేవు.

నువ్వెప్పుడూ అలాంటివి ముట్టుకోకూడదు, సరేనా నా తల్లీ?

నడవడానికే ఆపసోపాలు పడే అచ్చియ్యమ్మ ఆ రోజు రోడ్డు దాకా పరుగెత్తి ఆటోకి అడ్డం నిలబడింది. పేరంటాలు పిల్లని గుండెకి అదుముకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. లోపల డాక్టరమ్మ ఏవేవో చేస్తుంటే బయట వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉంది. తల పగిలిపోతోంది. అయినా బిళ్ళ మాట తలపుకే రాలేదు.

దీపాల వేళకి నీలవేణి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. అవెందుకు మింగావమ్మా అని పేరంటాలు మెల్లగా అడిగింది.

"ఏడుపు ఆగట్లేదమ్మా," అంది పిల్ల. "నీ నొప్పి పోయినట్టు నా ఏడుపూ పోతుందని వేసుకున్నాను."

పేరంటాలు మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చింది.

డాక్టరమ్మ ఆవిడ వణికే చేతులు చూసి అన్నీ అడిగింది. సగం నొప్పి ఆ బిళ్ళలు తెచ్చిందేనని చెప్పింది. నీలం బిళ్ళ మాత్రం ఒక్కసారిగా మానకూడదని, తను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రమ్మంది.

అదేమన్నా తేలికా? తెల్లబిళ్ళ మానితే తల బద్దలయ్యేది. ఆ తర్వాత టీ తగ్గిస్తే ఒళ్ళు సీసంలా బరువెక్కేది. ఆ తర్వాత నీలం బిళ్ళ సగం చేస్తే పక్క మీద అటూ ఇటూ దొర్లేది. ఒకసారి ఆగలేక మందుల షాపు దాకా వెళ్ళింది. వెనక్కి చూస్తే నీలవేణి. పిల్ల వచ్చి షాపు మెట్టు మీద కూర్చుంది. పేరంటాలు ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చుని, చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చేసింది.

లేసు దుప్పటి అరుగు మీద అందరూ తలో ముక్కా పంచుకుని అల్లారు. గడువు దాటిపోయింది. పట్నం వాళ్ళు సణిగారు, సణిగి తీసుకున్నారు. అచ్చియ్యమ్మ కూడా ముక్కుపొడుం మానేశానంది. దొడ్లోంచి తుమ్ములు మాత్రం వినబడుతూనే ఉండేవిలే.

అప్పుడు ఒక మధ్యాహ్నం అందరూ అరుగు మీద అల్లుకుంటున్నారు. పేరంటాలు చేతిలో సూది జారింది. తల గోడకి ఆనింది. కాలు కదలడం లేదు. ఒకావిడ నవ్వి ఆవిణ్ణి తట్టబోయింది.

నీలవేణి నోటి మీద వేలేసుకుంది.

"లేపకండి. అమ్మకి నిద్ర దానంతటదే వచ్చింది."

అరుగంతా గప్‌చుప్.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మన తలుపు తట్టింది.
కంచికెళ్ళే కథని పోనిద్దాం,
ఇంటికొచ్చిన నిద్రని రానిద్దాం.