చెలమ గట్టు మీద పాఠం

నల్లగుట్ట అడవిలో చిలుక పంతులు నడిపే బడి ఒకటుంది. మంచి బడే, కాకపోతే నేరేడు చెట్టు చిటారుకొమ్మ మీద ఉంది. ముంగిస సింగారమ్మ తన ముగ్గురు పిల్లల్ని అక్కడ చేరిస్తే, రెండో ఎక్కం పూర్తయ్యేలోపు ముగ్గురూ కిందపడ్డారు. చదువు సంగతి తర్వాత, ముందు నడుములు మిగలాలనుకుని ఆమె పిల్లల్ని ఇంటికి తెచ్చేసుకుని, తనే పాఠాలు మొదలుపెట్టింది.

ఆమె దగ్గర పుస్తకం లేదు. రోజూ పొద్దున్నే పిల్లల్ని గుట్ట కింది చెలమ దగ్గరికి తీసుకెళ్ళేది. ఎప్పుడో పెద్ద కరువులో అడవంతా కలిసి తవ్విన నీటిగుంట అది. ఆనాటి తడిమట్టిలో పడ్డ అడుగులు ఎండకు రాయిలా గట్టిపడి, ఇప్పటికీ గట్టు చుట్టూ ఉన్నాయి. పిల్లలు ఒక్కో అడుగులో కాలు పెట్టి అది ఎవరిదో, వాళ్ళేం చేశారో చెప్పాలి. తర్వాత ఆ రోజు పెద్దలు పెట్టిన కట్టుబాట్లు ఒప్పజెప్పాలి.

నక్క గవరయ్యకి ఇది చూస్తే ఒళ్ళుమంట.

"ఏం సింగారమ్మా, పిల్లలకి వేట నేర్పకుండా ఈ పాతచింతకాయ పచ్చడి ఏంటి? హక్కులంట, కట్టుబాట్లంట. కడుపు నింపుతాయా?"

"కడుపు సంగతి సాయంత్రం చూసుకుంటాం అన్నయ్యా. పొద్దున పూట ఇది," అంది సింగారమ్మ.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండింది, మడుగు ఎండింది. చెలమ ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే గవరయ్య అడవినంతా గట్టు మీదికి పిలిపించాడు. పెద్దమనిషి హోదాలో అడవిదున్న వీరన్న మధ్యలో నిలబడ్డాడు.

"ఈ చెలమ తవ్వింది మా ముత్తాత, ఒక్కడే," అన్నాడు గవరయ్య. "ఇన్నాళ్ళూ మంచితనానికి పోయి ఊరుకున్నాను. రేపటినుంచి నీళ్ళు తాగాలంటే నన్ను అడగాలి. ఇంకో మాట, పిల్లల్ని వెంటేసుకొచ్చి ఇక్కడ బడి నడిపేవాళ్ళని గట్టు ఎక్కనివ్వను."

సింగారమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. ఇంకెక్కడా చుక్క నీరు లేదు. పిల్లల గొంతు తడపడానికి ఎక్కడికి పోతుంది?

"ఋజువేంటయ్యా?" అని అడిగాడు ఎలుగుబంటి బుచ్చన్న.

గవరయ్య ఠీవిగా నడిచివెళ్ళి, గట్టు మీది ఒక అడుగులో తన కాలు పెట్టాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. అందరూ మొహాలు చూసుకున్నారు. తమ తాతల కథలు ఎవరికీ గుర్తులేవు మరి. విన్నప్పుడు ఆవులించి, ఆ తర్వాత మర్చిపోయారు.

"ఇంకేముంది, వీరన్నా. నీ మాట చెప్పేయ్, పెద్దవాడివి. మిగతావాళ్ళు తల ఊపుతారు," అని తొందరపెట్టాడు నక్క.

"ఆగు మావయ్యా." సింగారమ్మ చిన్నకూతురు బుడిగి ముందుకొచ్చింది. "అడవి కూడినప్పుడు అందరికన్నా చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి. పెద్దవాళ్ళు ముందు చెప్తే చిన్నవాళ్ళు భయపడి సరే అంటారని, ఇదే గట్టు మీద పెట్టుకున్న కట్టుబాటు."

వీరన్న కాసేపు నెమరేశాడు. "నిజమే. మా అవ్వ చెప్పేది. మాట్లాడమ్మా."

"ఆ అడుగు మావయ్య వాళ్ళ ముత్తాతదే," అంది బుడిగి.

గవరయ్య మీసాలు పైకి లేచాయి. సింగారమ్మ మాత్రం కంగారుపడలేదు. పాఠం ఇంకా ఉందని ఆమెకి తెలుసు.

"తవ్వినవాళ్ళ అడుగుల్లో గోళ్ళు గుంట వైపు ఈడ్చుకుపోయిన గీతలుంటాయి. ఇదిగో బుచ్చన్న తాత వాళ్ళది, ఇది దున్న పెద్దయ్య వాళ్ళ గిట్ట జారిన చోటు, ఇవి మా వాళ్ళవి. ఈ నక్క అడుగులో గీత లేదు. ఎందుకంటే..." బుడిగి ఆ అడుగు వెనక పేరుకున్న దుమ్మును తోకతో ఊడ్చింది. కింద గుండ్రటి గుంట, దాని వెనక పొడుగాటి తోక అచ్చు బయటపడ్డాయి. "ఈయన ఇక్కడ కూర్చున్నాడు."

బుచ్చన్న వంగి చూశాడు. "ఏదీ గవరయ్యా, అడుగు నీకు సరిపోయిందిగా. ఒకసారి ఇందులో కూడా కూర్చుని చూపించు."

"నాకు పనుంది," అన్నాడు గవరయ్య.

"కూర్చో," అన్నాడు వీరన్న.

కూర్చున్నాడు. పిర్రలు గుంటలో కుదురుకున్నాయి, తోక అచ్చులో పడింది. ముత్తాత వచ్చి కూర్చున్నట్టే ఉంది. అడవి పగలబడి నవ్వింది. బుచ్చన్న అయితే పొట్ట పట్టుకుని గట్టు మీదే దొర్లాడు. ముంగిసల ఇంటి చదువు గెలిచింది, నాకైతే ఇప్పటికీ తలుచుకుంటే కడుపు నిండిపోతుంది.

"తరిమేద్దాం వీణ్ణి," అని ఎవరో అరిచారు.

"తరమకూడదు," అంది బుడిగి. "ఆ రోజు కూర్చున్నాయనకి కూడా నీళ్ళిచ్చారు. దప్పికతో వచ్చినవాళ్ళని పొమ్మనకూడదన్నది మొదటి కట్టుబాటు. తాగేవాళ్ళందరూ ఏటా పూడిక తీయాలన్నది రెండోది."

"మొదటిది ఒప్పుకున్నాం. రెండోది ఇప్పుడే మొదలు," అని వీరన్న నక్క వైపు చూశాడు. మధ్యాహ్నానికల్లా గవరయ్య మెడదాకా బురదలో ఉన్నాడు. గట్టు మీద వాళ్ళ వంశంలో మొట్టమొదటి గోళ్ళ గీతలు పడ్డాయి. వాటినీ పాఠంలో చేర్చుకోమని సింగారమ్మ పిల్లలకి చెప్పింది.

మర్నాడు పొద్దున సింగారమ్మ వచ్చేసరికి గట్టంతా పిల్లలే. దున్నదూడలు, ఎలుగు పిల్లలు, జింక కూనలు బారులు తీరి కూర్చున్నాయి. అన్నిటికన్నా ముందు వరసలో, ఒంటినిండా బురద ఆరిన గవరయ్య తన ఇద్దరు పిల్లల్ని కూర్చోబెడుతున్నాడు.

"పాతచింతకాయ పచ్చడి అన్నావుగా అన్నయ్యా," అంది సింగారమ్మ.

"కొంచెం వీళ్ళకి కూడా వడ్డించమ్మా," అన్నాడు గవరయ్య తల దించుకుని.

ఇందులో మనకి దొరికేది ఒక్క ముక్క: పెద్దలేం చేశారో తెలిసిన పిల్లల్ని ఏమార్చడం ఎంత నక్కకైనా చేతకాదు.